మూడు సున్నపు చుక్కలు

ఆ నాలుగు కాగితాలు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉన్నాయి. పత్తి మిల్లు ముందు వరుసలో నిలబడిన ఏ బండికీ అన్యాయం జరగదని నేను రాసిన రుజువు అది. ఈ రెండేళ్లలో ఎన్నిసార్లు తీసి చదివానో లెక్కలేదు. ఎక్కడైనా ఒక తప్పు దొరికితే బాగుండునని చదువుతాను. దొరకదు. తప్పు నాదే అయివుంటే నన్ను నేను నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని. రుజువు ఒప్పు, జరిగింది అన్యాయం. ఈ రెండూ ఎలా పొసగుతాయో అర్థం చేసుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. అర్థమయ్యాక వచ్చిన కోపం మాత్రం ఇంకా పోలేదు.

అన్యాయం జరిగింది మా మేనత్తకు. చిలకలూరిపేట దగ్గర మా ఊళ్లో ఆవిడకు ఆరెకరాల నల్లరేగడి ఉంది. సగం పత్తి, సగం మిరప. మామయ్య పోయిన దగ్గర్నుంచీ విత్తనం తేవడం నుంచి సరుకు తోలడం దాకా అన్నీ ఆవిడే. ట్రాక్టరు అద్దెది, డ్రైవరు అద్దెవాడు, మడ్‌గార్డు మీద కూర్చుని వాడికి దారి చెప్పడం మాత్రం ఆవిడ సొంతం. పొలంలో ఆ చివర పత్తి తీస్తున్న కూలీలకు ఈ చివర నుంచే పని చెప్పగల గొంతు. ఆవిడ నెమ్మదిగా మాట్లాడిందంటే ఎవరికో ఒంట్లో బాగాలేదని మా ఇంట్లో అనుకునేవాళ్లం.

నా చిన్నప్పుడు, బడి లేని రోజున పత్తి తోలితే, నన్నూ ట్రక్కులో పత్తి మీద కూర్చోబెట్టుకునేది. ట్రాక్టరూ ట్రక్కూ కలిపి మేం బండి అనే అంటాం. మిల్లు హైవే పక్కనే. గేటు ముందు నుంచి రోడ్డు మార్జిన్ పొడుగునా బండ్లు నిలబడి ఉండేవి, సీజన్లో ఒక్కోసారి యాభై, అరవై. ఒక రోజులో అయ్యే పని కాదు. అందుకని ప్రతి బండిలో వానకు కప్పే పట్టా, గిన్నెలు, చాప ఉండేవి.

ఆ వరుసను మిల్లువాళ్లు నడిపేవారు కాదు. వరుసే నడుపుకునేది. మొదట వచ్చిన బండి దగ్గర ఒక కొబ్బరిచిప్పలో తడి సున్నం ఉండేది. కొత్త బండి రాగానే రైతు దిగి, ఆ చిప్ప తీసుకుని, తన ట్రక్కు వెనక తలుపు మీద నంబరు రాసుకునేవాడు. నలుగురూ చూస్తుండగానే రాయాలి. అదొక నియమం. ఇంకో నియమం నాకు బాగా ఇష్టమైనది. ఇంట్లో ఎవరో పోయారని కబురొచ్చినవాడో, చంటిపిల్లతో వచ్చిన ఆడమనిషో ముందుకు పోతామని అడిగితే వరుస దారి ఇచ్చేది. దారిచ్చిన ప్రతి బండికీ నంబరు పక్కన ఒక సున్నపు చుక్క పెట్టేవారు. మూడు చుక్కలు పడిన బండిని ఇంక ఎవరూ దాటకూడదు, ఎంత కష్టమొచ్చినా సరే. మా అత్త బండికి ఎప్పుడూ ఒకటో రెండో చుక్కలుండేవి. చుక్కలు లేని బండివాణ్ణి ఆవిడ మనిషి కింద జమకట్టేది కాదు.

ఒకసారి నేనడిగాను. "అత్తా, అన్ని బండ్లకీ మూడేసి చుక్కలు పడిపోతే?"

"ఇంకెవరూ దాటరు. వరస ప్రకారం పోవడమే."

"మరి లైను ఆగిపోదా?"

"ముందున్నోడికి అడ్డమెవరే?" అంది పత్తిలోంచి ఆకు ఏరేస్తూ.

అప్పుడు నాకు పదేళ్లుంటాయి. ఆవిడ ఒక్క ముక్కలో చెప్పింది పూర్తి రుజువని తెలియడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

తెలియజెప్పింది మా సార్. హైవే మీద ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో మాకు అల్గారిథంలు చెప్పేవారు. మిగతా క్లాసుల్లో మేం వెనక బెంచీల్లో కునుకు తీసేవాళ్లం. ఈయన క్లాసులో కునుకు కుదిరేది కాదు. ఏ అల్గారిథం రాసినా మూడు ప్రశ్నలు అడిగేవారు. ఇది ఎప్పటికైనా ఆగుతుందా? ఏ సందర్భంలోనైనా ఒప్పేనా? ఎంతసేపు పడుతుంది? రెండో ప్రశ్న దగ్గర అందరం దొరికిపోయేవాళ్లం. "నడుస్తోంది సార్, పరీక్షించి చూశాం" అంటే ఆయనకు మండేది.

"తొంభై తొమ్మిది సార్లు నడిచిందా? బాగుంది. నూరోసారి ఎవరి మీద పడుతుందో వాళ్లింటికెళ్లి చెప్పిరా, తొంభై తొమ్మిది సార్లు బాగానే నడిచిందండీ అని" అనేవారు.

అల్గారిథంలో అందం ఉంటుందంటే చాలామంది నవ్వుతారు. నాకు ఆ అందం ఆయన బోర్డు మీద కనబడింది. రెండు పేజీలు గిలికి తెచ్చినదాన్ని ఆయన ఒక్కో వరుసా కొట్టేస్తూ పోయేవారు. ఇది అక్కర్లేదు, ఇది పైనే చెప్పావు, ఇది భయంతో రాశావు. చివరికి ఎనిమిది పంక్తులు మిగిలేవి. వాటిలో ఏది తీసినా కూలిపోతుంది, ఏది కలిపినా దండగ. ఎంతసేపు తిరిగినా, ఎన్ని అంకెలు అటూ ఇటూ మారినా, లోపల ఒక్క మాట మాత్రం మారకుండా నిలబడి ఉంటుంది. ఆ మాటను పట్టుకుంటే మొత్తం చేతికొస్తుంది. ఆ పట్టుకున్న క్షణంలో నాకు కలిగిన సంతోషం పెళ్లిళ్లలోనూ పండగల్లోనూ కలగలేదని చెబితే మా అమ్మ బాధపడుతుంది కాబట్టి ఇంట్లో చెప్పలేదు.

ఒకరోజు క్లాసులో సున్నపు చుక్కల సంగతి చెప్పాను. ఎవరో కిసుక్కుమన్నారు. సార్ నవ్వలేదు. సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద రాశారు. మొదట ఏ బండికీ చుక్కలు లేవు. ఒక బండి దాటాలంటే, అది దాటబోయే బండ్లన్నిటికీ మూడు కంటే తక్కువ చుక్కలుండాలి. దాటాక ఒక్కోదానికి ఒక్కటే చుక్క పెరుగుతుంది. కాబట్టి ఏ బండికీ నాలుగో చుక్క ఎప్పుడూ పడదు. కాబట్టి ఏ బండినీ మూడింటికి మించి దాటలేవు. బోర్డు తుడవకుండా ఆయన మావైపు తిరిగారు.

"దీన్ని కనిపెట్టినవాళ్లు ఎవరో పత్తి మీద కూర్చుని కనిపెట్టారు. మీకు ఏసీ ల్యాబులు కావాలి" అన్నారు.

ఆ రోజు నుంచి ఆయన ఏం చెప్పినా నాకు వేదం. మా నాన్న మాటకైనా ఎదురు చెప్పేదాన్నిగానీ ఆయన మాటకు చెప్పేదాన్ని కాదు.

చదువయ్యాక మంగళగిరిలో ఒక ఆఫీసులో చేరాను. అక్కడ అల్గారిథం అంటే ఎక్కడినుంచో తెచ్చి అతికించేదే. రుజువు అడిగేవాళ్లు లేరు, గడువు అడిగేవాళ్లే. పన్నెండేళ్లు అలా గడిచాక ఒక ఆదివారం పొద్దున సార్ ఫోన్ చేశారు. రిటైరయ్యారు. చిలకలూరిపేట దగ్గర ఒక మిల్లుకు సలహాదారుగా ఉన్నారు. అత్త పత్తి తోలే మిల్లే అది.

"ఏమ్మా, నీ చుక్కలు గుర్తున్నాయా?" అన్నారు.

మిల్లువాళ్లకు ఫోన్లో నడిచే వరుస కావాలట. రైతు ఇంటి దగ్గరే పేరు రాయించుకుంటాడు, వంతు దగ్గర పడ్డాక మెసేజ్ వస్తుంది, బండి కట్టుకుని వస్తాడు. మిల్లు బాధ ఇంకొకటి ఉంది. తేమగా ఉన్న పత్తినీ, ఆరిన పత్తినీ ఒకదాని వెనక ఒకటి దించితే కలిసిపోయి సరుకు పాడవుతుంది. ఒకే రకం బండ్లు కొన్ని వరుసగా రావాలి. అంటే కొందరు కొందరిని దాటాలి. ఎంతవరకు దాటొచ్చు, ఎవరికీ అన్యాయం జరగకుండా? అదీ లెక్క.

ఊరికే చేసిపెడతానన్నాను. ఎగిరి గంతేశాననే చెప్పాలి. ఆరు నెలలు ప్రతి ఆదివారం ఆ పనే. పాత చుక్కల పద్ధతే ఎముక. మూడు చాలదని మిల్లువాళ్లంటే ఆరు చేశాం. మొదటిసారి రాసి పంపితే సార్ పావుగంటలో బొక్క పట్టుకున్నారు. "ఈ బండి టైరు పంచరై వెనక్కి పోయింది. మళ్లీ వచ్చింది. దీని చుక్కలేమయ్యాయి?" సున్నా అయిపోతున్నాయి. అంటే ఒక పంచరైనవాణ్ణి పన్నెండు బండ్లు దాటొచ్చు. సిగ్గుతో చచ్చి, మూడు వారాలు కూర్చుని సరిచేశాను. చివరికి ప్రోగ్రాం నడుం నలభై పంక్తులకు వచ్చింది. రుజువు నాలుగు పేజీలు.

ఆ రుజువు మొదటి వాక్యం ఇది: ఏ బండైనా వరుస గుండానే లోపలికి వెళుతుంది.

దాని చుట్టూ సార్ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. "ఇదెవరు చూస్తారు?" అన్నారు.

"ప్రోగ్రాం చూడలేదు సార్. గేటు దగ్గర మనిషి చూడాలండి."

"సరే, అది నాకొదిలెయ్" అన్నారు. ఎర్ర సున్నా పక్కన పొడి అక్షరాలు కూడా పెట్టారు. అంత జాగ్రత్త ఉన్న మనిషి అని నాకు ముచ్చటేసింది.

మొదటి సీజన్ బాగా నడిచింది. రోడ్డు మార్జిన్ మీద చాపలు పోయాయి. గేటు పక్కన మిల్లువాళ్లు పెద్ద బోర్డు పెట్టారు: వరుసను కంప్యూటరు నిర్ణయిస్తుంది, ఎవరూ మార్చలేరు. దాని ముందు నిలబడి నేను ఫోటో దిగాను. ఆ ఫోటో తర్వాత తీసేశాను.

అత్తకు మాత్రం మొదట్లో ఒక అనుమానం. ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసింది. "నా చుక్కలు నాకు కనపడుతున్నయ్. ముందోడి చుక్కలెక్కడే?"

"నీకు అవసరం లేదత్తా. ఎవరికీ ఆరు దాటవు."

"నీకెట్టా తెలుసు?"

"రుజువు చేశాను. తప్పు జరగడానికి వీల్లేదు."

"నువ్వు చూశావుగా?"

"చూశాను."

"అయితే చాల్లే" అంది. ఊళ్లో అందరికీ చెప్పింది. మా మేనకోడలు లెక్క కట్టింది, ఇంక సున్నం చిప్పలు అవతల పారెయ్యండి అని. పారేశారు.

రెండో సీజన్లో రెండో తీత అద్భుతంగా వచ్చింది. అత్త ఫోన్లో ఆ పత్తి తెలుపు గురించే పది నిమిషాలు చెప్పింది. వంతు మెసేజ్ వచ్చింది, పొద్దున్నే రమ్మని. బయలుదేరే ముందు నాకు ఫోన్ చేసింది.

"మబ్బుగా ఉంది. పట్టా మిరపకాయల మీద కప్పా. తీసుకుపోనా?"

నేను ఆఫీసులో కంప్యూటరు తెరిచి వరుస చూశాను. ముందు పదమూడు బండ్లు. "పట్టా ఎందుకత్తా, ఆ కాయలు తడుపుకోవడానికా? మధ్యాహ్నానికల్లా దించేసి ఇంటికొచ్చి అన్నం తింటావు" అన్నాను. నాకా మాట ఇప్పటికీ వినబడుతుంది. ఎంత ధీమాగా అన్నానో, ఆ ధీమాతో సహా.

మధ్యాహ్నం మూడింటికి మళ్లీ ఫోన్. "ఇంకా పదో నంబర్లోనే ఉన్నానే. మిల్లు నడుస్తానే ఉంది. లోపలికి సరుకు పోతానే ఉంది."

చూశాను. ఆవిడ బండికి రెండు చుక్కలే. "నిన్ను రెండు బండ్లే దాటాయత్తా."

"పదకొండు పోయినయ్యే. నేను లెక్కపెట్టా."

"పొరపాటుగా లెక్కపెట్టి ఉంటావు."

"సరే" అంది, మామూలు గొంతుతో కాదు, నెమ్మదిగా.

ఆ గొంతు విన్నప్పుడైనా నాకు తట్టాల్సింది. నేను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఎక్కడ నిలబడి లెక్కపెట్టావు? ముప్పై ఏళ్లుగా వరుసలో నిలబడి బండ్లు లెక్కపెడుతున్న మనిషి. నా కాగితం అప్పటికి ఏడాది పాతది. నేను కాగితాన్ని నమ్మాను. పైగా ఆవిడ మాట నమ్మకపోవడాన్ని శాస్త్రం అనుకున్నాను.

సాయంత్రం అయిదింటికి వాన మొదలైంది. సముద్రం మీద పట్టిన వాన, ఓ పట్టాన వదిలేది కాదు. అత్త తన కొంగూ, డ్రైవరు తువ్వాలూ, పక్క బండివాళ్లిచ్చిన నాలుగు గోతాలూ కప్పిందట. ట్రక్కు నిండా పత్తికి అవి ఏ మూలకి.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకి వెళ్లాను. అత్త ట్రక్కు పక్కన నిలబడి ఉంది, నీళ్లు కారుతున్న పత్తిని పిడికిట్లో పిండుతూ. నన్ను చూసి ఆ పత్తిని ట్రక్కులోకి విసిరింది. చెయ్యి పట్టుకుని, బడికి తీసుకెళ్లినట్టు, మిల్లు గోడ వెంబడే వెనక్కి తీసుకెళ్లింది. అక్కడ ఇంకో గేటు ఉంది. కొత్తగా రంగు వేశారు. లోపలికి ఒక లారీ పోతోంది, పైన గట్టిగా పట్టా కట్టి. దాని వెనక ఇంకోటి.

"ఇక్కడ నిలబడి లెక్కపెట్టా" అంది అత్త.

నేను అప్పటికప్పుడు మిల్లులో ఉన్న సార్ గదికి వెళ్లాను. ఆయన లేచి నిలబడబోయి, నా మొహం చూసి మళ్లీ కూర్చున్నారు.

"ఆ గేటు ఎప్పుడు తెరిచారు సార్?"

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఒక్కటి ఒప్పుకోవాలి, అబద్ధం చెప్పలేదు. "ఈ సీజన్ మొదట్నుంచీ. ఊళ్లలో వ్యాపారులు కొన్న సరుకమ్మా అది. వాళ్లను లైన్లో నిలబెడితే వేరే మిల్లుకి పోతారు. యజమాని ఊరుకోడు."

"ఏ బండైనా వరుస గుండానే వెళుతుంది. మొదటి వాక్యం అదే కదండీ."

"నీ రుజువులో తప్పేం లేదమ్మా" అన్నారాయన, క్లాసులో చెప్పినంత శాంతంగా. "అది వరుస గురించి. ఆ లారీలు వరుసలో లేవు. వరుసలో ఉన్న ఎవర్నీ ఆరు మించి ఎవరూ దాటలేదు. నువ్వు చూసుకో."

ఇన్నేళ్లూ నేను పూజించిన తర్కమే, అదే గొంతు, అదే తూచినట్టుండే మాట. దాంతోనే నా నోరు కట్టేశారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ లారీలు పోతున్నంతసేపూ వరుస కదలదు, చుక్కా పడదు. బయట వానలో పత్తి తడుస్తుంటే లోపల నా రుజువు పొడిగా, క్షేమంగా ఉంది.

"ఆ మొదటి వాక్యం మీకొదిలెయ్యమన్నారు" అన్నాను. "పొడి అక్షరాలు పెట్టారు."

ఆయన బల్ల మీది కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు.

"నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా సార్."

"చెబితే ఒప్పుకునేదానివా?"

"లేదు."

"అందుకే" అన్నారు. తర్వాత కాస్త తగ్గి, "ఈ వయసులో నాకు ఈ కుర్చీ కావాలమ్మా. ఇంట్లో నన్ను అడిగేవాళ్లు లేరు, ఇక్కడ అడుగుతున్నారు. రోజుకి కొన్ని లారీలేగా, మిగతాదంతా సక్రమంగానే నడుస్తోంది" అన్నారు.

"నూరోసారి ఎవరి మీద పడిందో ఆవిడ బయట నిలబడి ఉంది. రండి, వచ్చి చెప్పండి, మిగతాదంతా బాగానే నడిచిందని."

ఆయన నా వైపు చూశారు. ఆ మాట ఎవరిదో ఆయనకు గుర్తొచ్చింది, అది తెలిసింది. కానీ లేవలేదు. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, ముందున్న కాగితాల్లోకి తల వంచారు. నేను తలుపు దాకా వచ్చి ఒకసారి ఆగాను కూడా, పిలుస్తారేమోనని.

మా అత్త పత్తి తేమ మీటరు దగ్గరే ఆగిపోయింది. తడిసిన సరుకు మేం దించుకోం అన్నారు. నేను ఉక్రోషంతో వరుసలో ఉన్న రైతులందరికీ వినబడేలా వెనక గేటు సంగతి చెప్పాను. గొడవవుతుందనుకున్నాను. ఎవరూ కదల్లేదు. ఒక పెద్దాయన తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి పిండుకుంటూ అన్నాడు. "మాకు తెలుసమ్మా. మీరే పెట్టిచ్చారనుకున్నాం. కంప్యూటరు పెట్టిన అమ్మాయిగారికి తెలీకుండా గేటు లేస్తుందా?"

అప్పుడు ఏడుపొచ్చింది. మోసపోయింది నేనని అరుద్దామనుకున్నాను. కానీ వాళ్ల వైపు నుంచి చూస్తే మోసగించింది కూడా నేనే. సున్నం చిప్ప ఉన్నంతకాలం ఎవరి చుక్కలెన్నో అందరికీ కనబడేవి. ఎవరైనా వంకర దారి పడితే వరుస మొత్తం చూసేది. దాన్ని తీసుకెళ్లి ఎవరికీ కనబడని చోట దాచింది నేను. అందంగా, నలభై పంక్తుల్లో దాచాను. ముందోడి చుక్కలెక్కడే అని అత్త అడిగిన ఒక్క ప్రశ్నలో నా నాలుగు పేజీల్లో లేనిది ఉంది. సార్ వేయాల్సిన ప్రశ్న అది, నేను వేసుకోవాల్సిన ప్రశ్న. మా ఇద్దరికీ తట్టలేదు. ఆయనకు తట్టలేదని ఇప్పుడు నేను నమ్మను.

ప్రోగ్రాం తీసేయమని మిల్లుకు ఉత్తరం రాశాను. అది మిల్లు సొత్తని జవాబు వచ్చింది. ఇప్పటికీ నడుస్తోంది. బోర్డు కూడా అక్కడే ఉంది. సార్ రెండుసార్లు ఫోన్ చేశారు, నేను ఎత్తలేదు. ఉపాధ్యాయ దినోత్సవం నాడు ఏటా ఆయనకు మెసేజ్ పెట్టేదాన్ని. ఆ రోజు వస్తే ఇప్పుడు ఫోన్ పక్క గదిలో పెట్టి పని చేసుకుంటాను.

అత్త ఆ పత్తిని ఇంటికి తోలుకుపోయి, కళ్లంలో పరిచి, వారం పాటు ఆరబెట్టింది. ముందటి తెలుపు రాలేదు. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నం పెట్టింది, కారప్పొడి డబ్బాలో కట్టిచ్చింది, బస్సు దాకా వచ్చింది. అన్నీ నెమ్మదిగా. తిడితే బాగుండునని నేను ఆవిడ మొహంలోకి చూస్తూ కూర్చున్నాను.

ఈ ఏడు మా ఊరివాళ్లు వేరే మిల్లుకు తోలుతున్నారు. అక్కడ ఫోన్ వరుస లేదు. సున్నం చిప్ప మళ్లీ వచ్చింది. మొన్న పత్తి తోలేటప్పుడు నేనూ వెళ్లాను, సెలవు పెట్టి. ట్రక్కులో రెండు పట్టాలు మడిచి పెట్టింది అత్త. నేను చూశానని చూసి, చూడనట్టు ఊరుకుంది.

మేం వెళ్లేసరికి వరుస బాగా పొడుగ్గా ఉంది. ముందున్న బండి ఆయన సున్నం చిప్ప అత్త చేతికిచ్చాడు. అత్త దాన్ని నాకిచ్చింది.

"నువ్వు రాయి. పెద్దగా రాయి, చివరోడికి కూడా కనపడాలి."

ముందు బండి మీద ఇరవై రెండు ఉంది. నేను వేలు ముంచి, తలుపు మీద ఇరవై మూడు రాశాను. చుట్టూ నలుగురు నిలబడి చూస్తున్నారు. కాలేజీలోగానీ, ఆఫీసులోగానీ ఏ లెక్కా నేను అంత మెల్లగా రాయలేదు. రాయడం అయ్యాక అత్త వైపు తిరిగాను.

అత్త అక్కడ లేదు. వరుస పక్కన నడుచుకుంటూ ముందుకు పోతోంది. ఒక్కో బండి దగ్గరా ఆగి, వేలు చూపించి, పెదాలు కదుపుతోంది. గేటు దాకా వెళ్లింది. అక్కడితో ఆగలేదు. గోడ మలుపు తిరిగి వెనక వైపుకు వెళ్లి, కాసేపటికి మళ్లీ కనబడింది. వచ్చి నా పక్కన నిలబడి, చీర అంచుకు అంటిన బురద దులుపుకుంది.

"ఇరవై రెండే ఉన్నయ్. సరిగ్గానే రాశావు" అంది.

చిన్నప్పటి నుంచి నేను చెప్పిన లెక్కను ఆవిడ మళ్లీ సరిచూసుకోవడం అదే మొదటిసారి.